మూల కలిసిన పటము

తరగతి గది గోడకు వ్రేలాడు పటములను మనము నిత్యము చూచుచునే యుందుము. గాంధీ మహాత్ముని చిత్రమో, సరస్వతీదేవి చిత్రమో, ఆ బడికి స్థలమిచ్చిన పుణ్యాత్ముని ఛాయాచిత్రమో అక్కడ ఉండును. బొమ్మను చూతుము కాని దాని చుట్టునున్న కొయ్య చట్రమును చూడము. ఈసారి ఆ చట్రమును, అందును దాని నాలుగు మూలలను, దగ్గరగా నిలిచి చూడుడు. రెండు బద్దలు కలిసిన చోట లోపలి మూల నుండి వెలుపలి మూలకు ఏటవాలుగా ఒక సన్నని గీత పోవుచుండును. ఆ గీత వెదకిన గాని కనబడనిచో దానిని కట్టినవాడు మంచి పనివాడు. గీత సందుగా మారి, ఆ సందులో లప్పము కూరబడియున్నచో పని తొందరలో జరిగినదని తెలిసికొనవచ్చును.

ద్వారబంధమునకు ఇట్టి మూల అక్కరలేదు. ఒక కొయ్యలో తొలిచిన బెజ్జములో రెండవ కొయ్య మొనను దూర్చి మేకు దిగగొట్టినచో అది తరతరములు నిలుచును. పటపు బద్ద సంగతి వేరు. దాని మీద గాడులు, పూసలు, లతలు తీర్చబడియుండును. ఆ నగిషీ మూల వద్ద తెగిపోక మలుపు తిరిగి సాగవలెను. కొయ్యను అడ్డముగా కోసినప్పుడు బయటపడు గరుకు కొన కంటికి కనబడరాదు. ఈ రెండు కోరికలును తీరవలెనన్నచో రెండు బద్దలను చెరి 45 డిగ్రీల వాలుతో కోసి, కోసిన ముఖములను ఒకదానికొకటి ఆనించవలెను. రెండు నలుబదియైదులు కలిసి తొంబది యగును. చెప్పుటకు ఇది ఆరవ తరగతి లెక్క. చేయుటకు మాత్రము పెద్ద పరీక్ష.

ఎందుకనగా నాలుగు మూలలకు కోతలు ఎనిమిది. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తప్పు వచ్చినదనుకొందము. అర డిగ్రీని కోణమానినిలో గుర్తించుటయే కష్టము. కాని ఎనిమిది కోతలును ఒకే వైపునకు తప్పినచో మొత్తము తప్పు 4 డిగ్రీలగును. మూడు మూలలను గట్టిగా బిగించినచో ఆ 4 డిగ్రీలును నాలుగవ మూలకు వచ్చి చేరును. బద్ద వెడల్పు 50 మిల్లీమీటర్లైనచో వాలుకోత పొడవు దాదాపు 71 మిల్లీమీటర్లు; దాని చివర సందు 5 మిల్లీమీటర్లకు చేరువగును. పెన్సిలు మొన దూరునంత సందు! నలుగురి వద్ద అప్పు చేసినవాడు ముగ్గురిని చిరునవ్వుతో సాగనంపి నాలుగవవానికి దొరకిపోయినట్లుండును ఈ వ్యవహారము.

ఇట్టి కోతకే ప్రత్యేకముగా ఏర్పడిన విద్యుత్ యంత్రమును మన పనివాండ్రు మైటర్ సా అందురు. పై నుండి క్రిందికి దిగి నరకునది గనుక కొందరు చాప్ సా అని కూడ అందురు. క్రైస్తవ మతాచార్యులు ధరించు శిఖరాకారపు టోపీకి కూడ ఇంగ్లీషున మైటర్ అనియే పేరు. రెండు వాలులు కలిసి కొన తేరిన ఆ ఆకారమును తలచుకొన్నచో మన మూల జ్ఞప్తికి రాక మానదు. నేను ఈ వ్యాసములో దానిని కోణరంపమని వ్యవహరించెదను. ఆ మాట షెడ్డులో ఎవరికిని తెలియదు కనుక పాఠకులు దానిని అక్కడికి తీసికొనిపోకుందురు గాక. పేళ్ళ ప్రసంగము వచ్చినది కావున మరొక్క ముచ్చట. అమరకోశమున రంపమునకు క్రకచమనియు, కరపత్రమనియు పేళ్ళు కలవు. నేడు మనకు కరపత్రమనగా కూడలిలో పంచిపెట్టు అచ్చు కాగితము. అమరసింహుని చేతిలో మన కరపత్రమునుంచినచో, దీనితో ఏ దుంగను కోయవలెనని అడిగియుండును.

ఉపాధ్యాయులకు ఈ యంత్రముతో ఏమి పని యని సందేహము కలుగవచ్చును. 2020 నాటి జాతీయ విద్యావిధానము, 6 మొదలు 8 వరకు తరగతులు చదువు పిల్లలు ఏదో యొక సమయమున పది దినములు పుస్తకముల సంచి లేకుండ, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మొదలగు స్థానిక నిపుణుల వద్ద పని నేర్చుకొనవలెనని సూచించినది. చేతిపని ద్వారా చదువు అను తలంపు మనకు క్రొత్త కాదు. 1937లో వార్ధా సమావేశమున గాంధీజీ నయీ తాలీమ్‌ను ప్రతిపాదించినప్పుడు చెప్పినదియు అదియే. అయితే 1937 నాటి వడ్రంగి యొద్ద బాడిస, ఉలి, చిత్రిక, చేతి రంపము ఉండెడివి. నేడు పిల్లవాడు పోయి నిలుచు షెడ్డులో విద్యుత్తుతో తిరుగు చక్రమున్నది. పిల్లవానిని అక్కడికి తీసికొనిపోవు పంతులుగారికి ఆ చక్రము గుణదోషములు తెలిసియుండుట న్యాయము.

చేతి రంపముతో వాలుకోత కోయుటకు పూర్వము నుండియు ఒక సులభసాధనమున్నది. మూడు పలకలను తొట్టివలె బిగించి, ఎదురెదురు పలకలలో 45 డిగ్రీలకు అటునిటు, నిట్టనిలువుగా ఒకటి, సన్నని గాట్లు కోయుదురు. దీనిని మైటర్ బాక్సు అందురు. బద్దను తొట్టిలో పెట్టి, వెన్నున కమ్మి గల చిన్న రంపమును ఆ గాటిలో నడిపించినచో కోణము తానుగా వచ్చును. గాట్లు అరిగి వెడల్పైనకొలది కోత తప్పును. అప్పుడు తొట్టి మార్చవలెను. రంపము జారినచో వ్రేలికి గాయమగును, నిజమే. కాని చేయి ఆగినచో రంపము ఆగును. ఈ ఒక్క గుణము యంత్రమున లేదు.

యంత్రము వేగమెంతయో లెక్కకట్టి చూతము. కోణరంపములలో సామాన్యముగా కనబడు చక్రము 254 మిల్లీమీటర్ల, అనగా 10 అంగుళముల, వ్యాసము గలది. అది నిమిషమునకు 4800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. చక్రపు చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు. సెకనుకు 80 చుట్లు. కావున పళ్ళ వేగము సెకనుకు 64 మీటర్లు, గంటకు సుమారు 230 కిలోమీటర్లు. చక్రమునకు 60 పళ్ళున్నచో సెకనులో 4800 పళ్ళు ఒకే చోటును దాటిపోవును. కంటికి కనబడిన అపాయమునకు మానవుని చేయి కదలుటకు సుమారు సెకనులో ఐదవ వంతు పట్టును. ఆ లోపల చక్రము 16 మారులు తిరిగి 960 పళ్ళు గడచిపోవును. "జాగ్రత్తగా చూచుచు కోసెదను, అపాయము రాగానే చేయి తీసివేసెదను" అను ధైర్యమునకు ఈ లెక్కయే సమాధానము. ప్రమాదము వచ్చిన తరువాత తప్పించుకొను మార్గము ఇక్కడ లేదు. చేయి మొదటి నుండియు అక్కడ ఉండకూడదు.

యంత్రపు నిర్మాణము జటిలమైనది కాదు. ఒక లోహపు బల్ల. దాని వెనుక నిట్టనిలువుగా నిలిచిన అడ్డుగోడ, దీనిని ఫెన్సు అందురు. బల్ల నడుమ కుడియెడమలకు తిరుగు పీట, దాని అంచున డిగ్రీల గుర్తులు. పైన కీలు మీద మోటారును పళ్ళచక్రమును గల తల. చక్రమును కప్పి, తల దిగునప్పుడు తానుగా తొలగి, లేచినప్పుడు మరల కప్పు గార్డు. విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. గణితమున లంబము 90 డిగ్రీలు. ఈ యంత్రపు గుర్తులలో తిన్నని అడ్డకోత సున్న. అక్కడ నుండి ఎంత వాలినదో దానినే అంకె చెప్పును. అందుచేత పటమునకు ఎన్ని భుజములున్నవో ఆ సంఖ్యతో 180ని భాగించినచో పెట్టవలసిన అంకె వచ్చును. చతురస్రమునకు 45, షడ్భుజికి 30, అష్టభుజికి 22.5. త్రిభుజపు పటమునకు 60 కావలెను. చాల యంత్రములు అంత దూరము తిరుగవు.

అంకె మీద పీటను నిలిపినంత మాత్రమున కోణము కుదిరినదని నమ్మరాదు. దుకాణము నుండి వచ్చిన క్రొత్త యంత్రము గూడ దారిలో కుదుపులు తినియుండును. ముందుగా ప్లగ్గు ఊడదీసి, చక్రము బల్లకు లంబముగా నున్నదో లేదో మూలమట్టముతో చూడవలెను. మూలమట్టమును చక్రపు రేకుకే ఆనించవలెను. పళ్ళు రేకు కంటె మందముగా నుండును కనుక పంటికి తగిలినచో కొలత అబద్ధమాడును. తరువాత సున్న వద్ద ఒక వెడల్పాటి పలకను కోసి, రెండు తుండెములలో ఒకదానిని బోర్లించి, రెంటిని తిన్నని అంచుకు ఆనించి కోతలను కలిపి చూడవలెను. సందు లేనిచో సున్న నిజమైన సున్న. సందున్నచో అది అసలు తప్పునకు రెట్టింపుగా కనబడును. తప్పును దాచక పెద్దదిగా చేసి చూపు ఈ పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. వ్యాకరణమునకు ఇట్టి పరీక్ష ఒకటి ఉన్నచో తెలుగు పంతుళ్ళ పని ఎంతో తేలికయ్యెడిది. 45 వద్ద పరీక్షించుటకు రెండు పనికిరాని బద్దలను కోసి, మూల కలిపి, లోపల మూలమట్టము పెట్టి చూచిన చాలును.

పొడవు సంగతి కూడ ఉన్నది. కోణములెంత సరిగా నున్నను ఎదురెదురు బద్దలు సమానముగా లేనిచో మూల కలియదు. చక్రము తన మందమంత కొయ్యను, సామాన్యముగా 3 మిల్లీమీటర్లకు దగ్గరగా, పొట్టుగా మార్చివేయును. కావున గీత మీద కోయరాదు. పారవేయవలసిన ముక్క వైపు చక్రముండునట్లు గీతకు ప్రక్కన కోయవలెను. రెండు బద్దలను వేరువేరుగా కొలిచి కోయుటకంటె, ఫెన్సుకు ఒక చిన్న దిమ్మను బిగించి, రెండు బద్దల కొనలను దానికే తాకించి కోయుట మేలు. ఆ దిమ్మ మనము పట్టుకొన్న బద్ద వైపుననే ఉండవలెను. తెగిపడు ముక్క వైపున ఉంచినచో ఆ ముక్క దిమ్మకును చక్రమునకును నడుమ ఇరుకున పడి, పళ్ళకు చిక్కి, రాయివలె ఎగిరివచ్చును.

ఇక్కడనే అసలు విషయము పొడసూపుచున్నది. కొలత తప్పించు కారణమును, చేతిని గాయపరచు కారణమును చాలవరకు ఒక్కటే: కదలు కొయ్య. మన వర్క్‌షాపులలో భద్రతా నియమములు ఒక బల్ల మీదను, పని నేర్పు పాఠము మరియొక పుస్తకములోను ఉండును. విద్యార్థి మొదటిదానిని భయపెట్టు మాటలుగను, రెండవదానిని విద్యగను భావించును. నా మతమున ఇది బోధనా లోపము. రెంటిని విడదీయుటకు వీలులేదని యంత్రపు నడకయే చెప్పుచున్నది.

చక్రము అడుగుభాగమున పళ్ళు మన వైపు నుండి ఫెన్సు వైపునకు పరుగిడి, వెనుక పైకి లేచును. అందుచేత చక్రము కొయ్యను ఫెన్సునకేసి నెట్టును. కొయ్య ముందుగానే ఫెన్సును ఆనుకొనియున్నచో ఆ నెట్టుడు మేలే చేయును. కొయ్య మరింత కుదురుకొనును. నడుమ వెంట్రుకవాసి ఖాళీ యున్నచో కొయ్య ఒక్కసారిగా వెనుకకు పోయి ఫెన్సును కొట్టుకొనును. అప్పుడు కోణము చెడును. దానిని పట్టుకొన్న చేయి గూడ దానితోపాటు చక్రము వైపునకు లాగబడవచ్చును. వంగిన బద్ద వచ్చినప్పుడు దాని ఉబ్బెత్తు వైపును ఫెన్సుకు ఆనించి, కోతపడు చోట కొయ్యకును ఫెన్సుకును నడుమ ఖాళీ లేకుండ చూచి, క్లాంపుతో బిగించవలెను. పుటాకారపు వైపును ఆనించినచో రెండు కొనలు తాకి నడుమ ఖాళీయుండును. సగము కోయగనే కొయ్య ముడుచుకొని చక్రమును పట్టివేయును. పొడవైన బద్దకు బల్లతో సమానమైన ఎత్తుగల ఆధారము రెండవ కొనన ఉండవలెను. లేనిచో బద్ద తన బరువుతోనే వాలి, కోసిన ముఖమును వంకర చేయును.

పొట్టి ముక్కను చేతితో పట్టుకొని కోయుట అన్నిటికంటె పెద్ద తప్పు. చేతివ్రేళ్ళు చక్రమునకు 150 మిల్లీమీటర్లకు దగ్గరగా రాకూడదు. ఇది ఒక జానకు తక్కువ. పిల్లవాడు తన చేతితోనే కొలిచి బల్ల మీద రంగుతో గీత గీయవచ్చును. ముక్క అంతకంటె పొట్టిదైనచో క్లాంపు పట్టవలెను. అన్నిటికంటె తెలివి, పొడవైన బద్దనుండియే పొట్టి ముక్కను చివరకు కోయుట. చేతులను కత్తెరవలె ఒకదానిమీదుగా ఒకటి దాటించి, కుడి చేతితో ఎడమవైపు కొయ్యను పట్టుకొనుట ఎన్నడును పనికిరాదు.

తరువాతి మూడు ఓర్పులును ఈ తీరువే. మీట నొక్కిన వెంటనే తలను దించక, చక్రము పూర్తి వేగమందుకొను వరకు నిలువవలెను. పన్ను కొయ్యను తాకియుండగా మోటారు మొదలైనచో ఆ కుదుపునకు కొయ్య జరుగును. తలను అదిమి తొందరపెట్టరాదు. చక్రము సన్నని రేకు, బలవంతము చేసినచో వంగి కోతముఖమును వాల్చివేయును. కోత ముగిసిన పిదప మీట వదలి, తలను క్రిందనే ఉంచి, చక్రము పూర్తిగా ఆగిన తరువాత పైకెత్తవలెను. తిరుగుచున్న చక్రమును ఎత్తినచో వెనుక లేచు పళ్ళు తెగిన చిన్న ముక్కను పట్టి విసరును, నున్నగా వచ్చిన ముఖమును మరల గీరును. ఈ చివరి రెండు మూడు సెకనుల ఓర్పే అందరికిని కష్టము. పని అయిపోయినదను తృప్తి మనస్సును ముందు వదలును. చక్రమింకను తిరుగుచునే యుండును.

తల ముందునకు వెనుకకు జారు యంత్రములలో ఒక విశేషమున్నది. తలను మొదట మన వైపునకు లాగి, మోటారు వేసి, క్రిందికి దించి, ఫెన్సు వైపునకు నెట్టుచు కోయవలెను. లాగుచు కోసినచో పళ్ళు కొయ్యను పట్టుకొని ప్రాకి తల మన మీదికి దుముకును. చేతి రంపమును లాగుచు కోయుటకు అలవాటుపడిన పాత పనివానికి ఈ తిరుగుడు ముందుగా చెప్పవలెను. చక్రమును ఎన్నుకొనుటలో గూడ విచక్షణ కావలెను: పటపు బద్దలకు 60 మొదలు 80 వరకు పళ్ళుగలదియు, పళ్ళ ముందువాలు తక్కువగా నున్నదియు తగినది. కొయ్యను నిలువుగా చీల్చుటకు ఉద్దేశించిన, ముందునకు బాగుగా వాలిన పళ్ళ చక్రము ఇక్కడ కొయ్యను కొరికి లాగును.

దుస్తుల విషయము చెప్పనక్కరలేకయే తెలియును గాని చెప్పకున్నచో మరతురు. వ్రేలాడు చున్నీ, మెడలో గుర్తింపు కార్డు త్రాడు, వదులు చేతులు, ఉంగరము, చేతి గొలుసు, అన్నియు గది వెలుపలనే. చేతి తొడుగులు రక్షణమని భ్రమించువారున్నారు; తిరుగు పంటికి గుడ్డ చిక్కినచో చేతిని కూడ లోనికి లాగును గనుక ఇచట తొడుగు శత్రువు. కంటికి ప్రక్కలు మూసిన అద్దములు, చెవికి రక్షణ తప్పవు. ఈ యంత్రపు ధ్వని 100 డెసిబెల్‌ల ప్రాంతమున నుండును. ముక్కునకు మాస్కు కావలెను. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్య ధూళిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. పొట్టును ఊది పారవేయక యంత్రమునకు పీల్చు గొట్టమును తగిలించుట మంచిది.

కొన్ని షెడ్డులలో గార్డును తీగతో పైకి కట్టివేయుట కనబడును. "గీత కనబడుటలేదండీ" యని కారణము చెప్పుదురు. గీతను చూడవలసినది చక్రము ఆగియున్నప్పుడు. తలను దించి, పంటిని గీతకు సరిచూచి, తల ఎత్తి, పిదప మోటారు వేయవలెను. గార్డు కట్టివేసిన చోట విద్యార్థులను నిలుపకుండ వెనుకకు తీసికొనివచ్చు ఉపాధ్యాయుని నేను మెచ్చుకొందును. ఆ పనివాడు నొచ్చుకొన్నను సరే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 23వ సెక్షను, అపాయకరములని నిర్ణయింపబడిన యంత్రముల వద్ద పిన్నవయస్కులను నిలుపవలెనన్నచో వారికి ప్రమాదములను జాగ్రత్తలను పూర్తిగా తెలుపవలెననియు, చాలినంత శిక్షణ యిచ్చుటయో, బాగుగా తెలిసినవాని పర్యవేక్షణలో నుంచుటయో చేయవలెననియు విధించినది. బడికి ఫ్యాక్టరీ చట్టమేమిటి యందురేమో. ఫ్యాక్టరీలో కూలికై వచ్చిన యువకునికి లభించిన రక్షణ బడిలో చదువుటకై వచ్చిన బాలునికి లేకపోవుట ఎట్లు? నా అభిప్రాయమున ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కోణరంపపు మీటను ముట్టనే కూడదు. ప్లగ్గు ఊడదీసిన యంత్రమును దగ్గరగా చూడవచ్చును; పీటను త్రిప్పి అంకెలు చదువవచ్చును; కోత జరుగునప్పుడు చక్రమునకు ఎదురుగ గాక ప్రక్కగా, దూరముగా నిలిచి చూడవచ్చును. వారి చేతులకు మైటర్ బాక్సును, చిన్న రంపమును ఇవ్వవలెను. యంత్రము పెద్ద విద్యార్థులది. వారికిని ఒక్కొక్కరుగా, గురువు ప్రక్కన నిలిచియుండగా.

పిల్లలు కోసిన బద్దలతో పటము కట్టునప్పుడు గణితపు మాష్టరుగారిని గూడ పిలుచుట బాగుండును. లోపలి ఖాళీ 250, 300 మిల్లీమీటర్లు, బద్ద వెడల్పు 50 అయినచో బయటి కొలతలు 350, 400 అగును. అప్పుడు కర్ణము 531.5 మిల్లీమీటర్లకు సరిపోవలెను. వాలుకోత ముఖము జిగురును త్వరగా పీల్చివేయును కావున ముందు పలుచగా ఒక పూత పూసి, కొంత ఆగి, మరల పూయవలెను. నాలుగు బద్దలను కలిపి, చుట్టును గట్టి త్రాడు బిగించి, జిగురు తడి యారకమునుపే రెండు కర్ణములను కొలువవలెను. ఒకటి పొడవైనచో ఆ రెండు మూలలను లోనికి మెల్లగా అదిమి, రెండును సమానమగు వరకు సర్ది, రాత్రియంతయు కదలింపక ఉంచి, మరునాడు త్రాడు విప్పవలెను.